టైరు పట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న కార్లకు మార్పులు చేయించుకున్నవాళ్లవి. ఇంజను లాగుడు పెంచారు, బండి ఎత్తు తగ్గించారు, ఆ తర్వాత టైర్ల దగ్గర ఆగారు. నిజానికి ఈ వరస తిరగబడాలి. ఇంజను బలమైనా, బ్రేకు బలమైనా రోడ్డుకు చేరేది నాలుగు అరచేతులంత రబ్బరు ద్వారానే.

ప్రశ్న: నాది 2014 స్విఫ్ట్ డీజిల్. రీమ్యాప్ (ఇంజను కంప్యూటరు అమరికల మార్పు) చేయించాను, స్ప్రింగులు మార్చి 30 మి.మీ. దించాను. టైర్లు కంపెనీవే, 165/80 ఆర్14. రెండో గేరులో గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. అల్లాయ్‌లతో (తేలిక లోహపు రిమ్ములతో) సహా 195/50 ఆర్15 సెట్టు ఒకటి తక్కువలో వస్తోంది. తీసుకోమంటారా? ఏ కంపెనీ టైరు మంచిది సార్?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆ సెట్టు తీసుకోకండి. కారణం లెక్కలోనే ఉంది. టైరు మీద మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో. మూడోది రిమ్ము, అంగుళాల్లో. మీ 165/80 ఆర్14కి సైడ్‌వాల్ 132 మి.మీ. పైనా కిందా కలిపి 264, రిమ్ము 355.6. మొత్తం వ్యాసం 619.6 మి.మీ. అదే లెక్కన 195/50 ఆర్15 వ్యాసం 576. అంటే 7 శాతం చిన్నది. బండి మరో 22 మి.మీ. కిందికి దిగుతుంది. స్ప్రింగులతో ఇప్పటికే పోయిన 30 కలిపితే 52. కంపెనీ ఇచ్చిన 170 మి.మీ. ఎత్తులో మీకు మిగిలేది 118. నలుగురు ఎక్కితే ఊళ్లో ప్రతి స్పీడు బ్రేకరూ ఇంజను కింది రేకును గీకుతుంది. ఓడోమీటరు కూడా 100 కిలోమీటర్లు తిరిగితే 107 పైగా చూపిస్తుంది.

దీనికంటే ముఖ్యమైంది బరువు. సైజు పక్కనే ఉండే రెండంకెల సంఖ్య ఆ టైరు ఎంత మోయగలదో చెబుతుంది. 82 అంటే 475 కిలోలు, 85 అంటే 515, 87 అంటే 545, 88 అంటే 560. మీ పాత టైరు మామూలుగా 85. ఆ 195/50 ఆర్15 ఎక్కువగా 82లో వస్తుంది. డీజిల్ ఇంజను బరువంతా ముందు ఇరుసు మీదే ఉంటుంది. అక్కడ టైరుకు 40 కిలోల బలం తగ్గించడం తప్పు. కంపెనీ టైరు మీద ఉన్న సంఖ్యకు తక్కువది ఎప్పుడూ కొనకండి.

మీకు సరిపోయే దారులు మూడున్నాయి. ఉన్న 14 అంగుళాల రిమ్ములు ఉంచుకోవాలంటే 185/70 ఆర్14. వ్యాసం 614.6, 5 అంగుళాల వెడల్పు రిమ్ముకు సరిపోతుంది, ఖర్చు తక్కువ. రెండోది, ఇదే స్విఫ్ట్ పై రకాలకు కంపెనీ ఇచ్చిన 185/65 ఆర్15. వ్యాసం 621.5, తేడా లేనట్టే. మూడోది 195/60 ఆర్15, వ్యాసం 615, మోత సంఖ్య (మోసే బరువుది) 88. రీమ్యాప్ చేసి, దించిన మీ బండికి మా ఓటు ఈ మూడోదానికే. దీనికి 6 అంగుళాల వెడల్పు రిమ్ము కావాలి. సైడ్‌వాల్ 117 మి.మీ. ఉంటుంది కాబట్టి గుంతలో పడ్డా రిమ్ము బతుకుతుంది. స్టీరింగు తిప్పగానే ముక్కు తిరిగేంత బిగువు కూడా ఉంటుంది.

రిమ్ము కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి. బోల్టుల అమరిక 4×100, అంటే 100 మి.మీ. వలయం మీద నాలుగు బోల్టులు. మధ్య రంధ్రం 54.1 మి.మీ. నట్టు మర ఎం12×1.25. నాలుగోది ఆఫ్‌సెట్, అంటే బండికి ఆనే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో చెప్పే అంకె. అది రిమ్ము లోపలివైపు ఈటీ అని అచ్చు వేసి ఉంటుంది. పాత రిమ్ము విప్పి ఆ అంకె రాసిపెట్టుకోండి. ఉదాహరణకు పాతది ఈటీ45, కొత్తది ఈటీ40 అనుకుందాం. 165 నుంచి 195కి వెళితే టైరు రెండు పక్కలా 15 మి.మీ. చొప్పున పెరుగుతుంది. అంకె 5 తగ్గింది కాబట్టి చక్రం 5 మి.మీ. బయటికి జరుగుతుంది. రెండూ కలిస్తే బయటికి 20, లోపలికి 10 జరుగుతుంది. లోపల షాక్ అబ్జార్బరు గొట్టానికీ టైరుకూ మధ్య కనీసం 5 మి.మీ. ఖాళీ ఉండాలి. బయట ఫెండరు (చక్రం మీది బాడీ రేకు) అంచు సంగతి ఖాళీ బండితో చూస్తే తెలియదు. ఒక రిమ్ముకు టైరు ఎక్కించి బిగించండి, వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టండి, స్టీరింగు చివరంటా రెండు వైపులా తిప్పి చూడండి. ఫెండరు లోపలి ప్లాస్టిక్ మీద తగిలిన గుర్తు పడితే ఆ ఆఫ్‌సెట్ మీకు పనికిరాదు. మిగతా మూడూ ఎక్కించకముందే వెనక్కి ఇచ్చేయవచ్చు.

రిమ్మును కాటాలో పెట్టి తూచమనండి. 15×6కి 7 కిలోల దగ్గర ఉంటే మంచిది. పెద్ద కంపెనీ డిజైనును చూసి పోతపోసిన నకళ్లు బరువూ ఎక్కువ, గుంతలో పగిలేదీ ఎక్కువ.

ఇక రబ్బరు. సైడ్‌వాల్ మీద ట్రెడ్‌వేర్ అని ఒక సంఖ్య ఉంటే అది అరుగుదలకు సూచన. 400 దాటితే గట్టి రబ్బరు, ఎక్కువ కిలోమీటర్లు వస్తుంది, జారుతుంది. 200, అంతకంటే తక్కువ అయితే రోడ్డును కరిచి పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. రోజూ తిరిగే మీ బండికి 280 నుంచి 340 మధ్య చాలు. ఈ సంఖ్యలు ఏ కంపెనీకి ఆ కంపెనీ పరీక్ష చేసి ఇచ్చుకునేవి. కాబట్టి ఒకే కంపెనీ రకాల మధ్య పోల్చడానికి పనికొస్తాయి కానీ, రెండు కంపెనీల మధ్య కచ్చితంగా పోల్చలేం. పక్కనే ట్రాక్షన్ (తడి రోడ్డు మీద పట్టు) ఏ లేదా ఏఏ, టెంపరేచర్ ఏ ఉండాలి. మన ఎండలకు ఈ టెంపరేచర్ అక్షరమే ముఖ్యం. బీ, సీ వద్దు. వేగం అక్షరం హెచ్ (210 కి.మీ.) లేదా వీ (240) తీసుకోండి. ఆ వేగంతో పొమ్మని కాదు, వీ టైరు లోపలి కట్టుబడి వేడిని బాగా తట్టుకుంటుందని.

కంపెనీ పేరు అడిగారు. పేరు కంటే రకం చూడండి. మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, యోకోహామా అడ్వాన్ డీబీ లాంటివి మంచి టైర్లే, కానీ అవి చప్పుడు లేని ప్రయాణం కోసం చేసినవి. మలుపులో పట్టు కోసం చేసినవి పైలట్ స్పోర్ట్ లాంటి రకాలు. ఇవి 16, 17 అంగుళాల్లో దొరికినంత తేలిగ్గా 15లో దొరకవు. అందుకే ముందు మీ సైజులో ఏ రకాలు వస్తున్నాయో టైరు షాపులో అడిగి, తర్వాత రిమ్ము కొనండి. చాలామంది రిమ్ము ముందు కొని, దానికి దొరికిన టైరేదో తగిలించుకుంటున్నారు.

ఒక మాట: రెండో గేరులో చక్రం తిరగడాన్ని టైరు ఒక్కటే పూర్తిగా ఆపలేదు. ఈ ఇంజనుకు కంపెనీ ఇచ్చిన లాగుడు 190 న్యూటన్ మీటర్లు. టర్బో అందుకునే 2000 ఆర్‌పీఎం దగ్గర రీమ్యాప్ ఒక్కసారిగా అంతా వదిలితే ఏ టైరైనా జారుతుంది. రీమ్యాప్ చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి, మొదటి రెండు గేర్లలో లాగుడు మెల్లగా పెరిగేలా సరిచేయించండి.

ప్రశ్న: ఐ20కి 195/55 ఆర్16 ఉంది. 17 అంగుళాలకు, 205/45కు మారాలనుంది. రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లి వస్తాను.
– ఒంగోలు

జవాబు: వ్యాసం లెక్క కుదురుతుంది: 620.9కి బదులు 616.3. కుదరనిది మీ రోడ్డు. గ్రానైటు లారీలు తిరిగే కర్నూలు రోడ్డు మీద పడే రాతి ముక్కల అంచులు కత్తుల్లాంటివి. సైడ్‌వాల్ 107 నుంచి 92 మి.మీ.కి తగ్గితే రాయి ఎక్కినప్పుడు రబ్బరు వంగడానికి చోటుండదు. రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. రెండు రోజుల తర్వాత పక్కన బుడిపె లేస్తుంది. దానికి పంచరు షాపులో వైద్యం లేదు, టైరు మార్చాల్సిందే. 16లోనే ఉండి మంచి రబ్బరుకు డబ్బు పెట్టండి. అందం కోసం 17 వేసుకునే తీరాలనుకుంటే ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) గుర్తు, 88 మోత సంఖ్య ఉన్నది మాత్రమే తీసుకోండి. మామూలు 205/45 ఆర్17 మోత 84, అంటే 500 కిలోలే. మీ ఇప్పటి టైరు 545 మోస్తోంది.

ప్రశ్న: నెల్లూరులో మే నెల మధ్యాహ్నం గాలి చూపిస్తే 38 ఉంది. కంపెనీ చెప్పింది 33. షాపతను తీసేశాడు. సరైన పనేనా? నైట్రోజన్ వేయిస్తే ఈ బాధ ఉండదంటున్నారు.
– మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: సరైన పని కాదు. తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర 33 ఉన్న టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే 38 చూపిస్తుంది. దాదాపు ప్రతి 6 డిగ్రీలకు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెరగడం గాలి స్వభావం. కంపెనీ చెప్పిన 33 చల్లటి టైరుకు. పెరుగుదలను కూడా లెక్కేసుకునే ఆ అంకె ఇస్తారు. వేడి మీద 5 తీసేస్తే మర్నాడు పొద్దున మీ టైరులో దాదాపు 29 ఉంటుంది. తక్కువ గాలితో సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. ఆ వంగుడే వేడి పుట్టిస్తుంది. రోహిణీ కార్తెలో, హైవే మీద 100 వేగంతో, నలుగురితో, సామానుతో గంటసేపు పోతే ఆ వేడి ట్రెడ్డును (రోడ్డుకు ఆనే పై రబ్బరును) లోపలి ఉక్కు తీగల నుంచి ఊడదీస్తుంది. ఎండాకాలం టైర్లు పేలేది గాలి ఎక్కువై అనుకుంటారు. ఎక్కువసార్లు కారణం గాలి తక్కువ కావడమే.

పొద్దున బండి తీయకముందు, నీడలో, సొంత గేజితో చూసుకోండి. నిండా మనుషులు, సామానుతో హైవే ఎక్కేటట్లయితే డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులో నిండు బరువుకు రాసిన అంకె పెట్టండి. మామూలు అంకె కంటే అది ఎక్కువే ఉంటుంది.

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నైట్రోజన్ నింపినా వేడికి అంతే పెరుగుతుంది. దానివల్ల వచ్చే లాభం తేమ లేకపోవడం. గాలి మిషను ట్యాంకులో చేరే నీళ్లను ఎప్పటికప్పుడు బయటికి తీసేసే షాపులో మామూలు గాలి చాలు.

ప్రశ్న: బండి 40 మి.మీ. దించి 9 వేల కిలోమీటర్లు తిరిగాను. బయటి నుంచి చూస్తే టైర్లు కొత్తగా ఉన్నాయి, లోపలి అంచులో తీగలు కనబడుతున్నాయి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) రెండుసార్లు చేయించాను.
– గూడూరు

జవాబు: తీగలు కనబడ్డ టైరుతో హైవే ఎక్కకండి. ముందు ఆ రెండూ మార్చండి.

బండి దించితే రెండు కోణాలు మారతాయి. చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, ఇది క్యాంబరు. చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరవడమో దూరమవడమో జరుగుతుంది, ఇది టో. అందరూ క్యాంబరును తిడతారు కానీ, టైరును తినేది ముఖ్యంగా టో. టో తప్పిన చక్రం ముందుకు దొర్లుతూనే ప్రతి మీటరుకూ కొంచెం పక్కకు ఈడ్చుకుపోతుంది. క్యాంబరు బరువంతా లోపలి అంచు మీద పెట్టి ఉంచుతుంది కాబట్టి ఆ ఈడ్పు అక్కడే కోస్తుంది. చేతితో తడిమి చూడండి. లోపలి నుంచి బయటికి నున్నగా, బయటి నుంచి లోపలికి రంపంలా తగిలితే, లేదా అటుది ఇటు అయినా, తప్పు టో దే. నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే తక్కువ, అక్కడక్కడ పల్లాలు పడితే షాక్ అబ్జార్బర్లు అయిపోయాయి.

రెండుసార్లు చేయించినా నిలవలేదంటే కారణాలు మామూలుగా ఇవి. చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ము (కడ్డీ) బుష్షులు గానీ బాల్ జాయింట్లు గానీ వదులై ఉండవచ్చు. అప్పుడు మిషను మీద సరిగ్గా ఉన్న కోణం, బ్రేకు తొక్కగానే మారిపోతుంది. బండి జాకీ మీదెత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత పక్కలకు ఊపండి. టకటకమంటే ముందు అది మార్చాలి. రెండో కారణం, స్ప్రింగులు మార్చిన వెంటనే అలైన్‌మెంట్ చేయడం. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకొంచెం సర్దుకుంటాయి, కోణాలు మళ్లీ మారతాయి. 500 కిలోమీటర్ల తర్వాత మరోసారి చేయించాలి.

మూడోది, మిషను మీద ఆకుపచ్చ రంగు చూసి వదిలేయడం. ఆ ఆకుపచ్చ హద్దు మామూలు ఎత్తు బండికి ఇచ్చింది. డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టి, మొత్తం టో ను సున్నాకు దగ్గరగా పెట్టించండి, ముందూ తర్వాతా అంకెల కాగితం అడిగి తీసుకోండి. ముందు షాక్ అబ్జార్బరు అడుగున ఉండే రెండు బోల్టుల్లో ఒకదాని బదులు క్యాంబరు బోల్టు వేస్తే ఒకటి, ఒకటిన్నర డిగ్రీ వెనక్కి తెచ్చుకోవచ్చు. వేగంగా నడిపేవాళ్లకు క్యాంబరు ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాలి ఉండటం మలుపుల్లో మేలే. టో సరిగ్గా ఉంటే టైరు దాన్ని ఓర్చుకుంటుంది. చాలా చిన్న కార్లకు వెనక ఇరుసు ఒకే దూలం, అక్కడ తిప్పడానికి నట్టు ఉండదు. వెనక కోణం తప్పితే షిమ్ములు (పలుచటి రేకు ముక్కలు) వేయాలి.

మెత్తటి టైర్లను 5 వేలకోసారి ముందువి వెనకకు, వెనకవి ముందుకు మార్చండి. సైడ్‌వాల్ మీద తిరిగే దిశకు బాణం గుర్తు ఉంటే కుడివి కుడివైపే, ఎడమవి ఎడమవైపే ఉండాలి.

ప్రశ్న: పోలోకి బయటి అల్లాయ్‌లు వేయించాను. 90 దగ్గర స్టీరింగు వణుకుతోంది. బ్యాలెన్సింగ్ మూడుసార్లు అయింది.
– కందుకూరు

జవాబు: ఇంకోసారి బ్యాలెన్సింగ్‌కు డబ్బు పెట్టకండి, చక్రం విప్పండి. పోలో హబ్బు (చక్రం ఎక్కే ఇరుసు కొస) వ్యాసం 57.1 మి.మీ. బయటి అల్లాయ్‌లు అన్ని కార్లకూ సరిపోవాలని మధ్య రంధ్రం 67 లేదా 73 పెట్టి చేస్తారు. నడుమ ఉంగరం లేకపోతే చక్రం హబ్బు మీద కాకుండా బోల్టుల మీద కూర్చుంటుంది, ఒక్క మిల్లీమీటరు పక్కకు పోయినా ఆ వేగంలో వణుకుతుంది. బయటి వ్యాసం రిమ్ము రంధ్రానికీ లోపలిది 57.1కీ సరిపోయే ఉంగరాలు నాలుగు వేయించండి.

దీనికంటే ప్రమాదమైంది మరొకటి ఉంది. పోలో కంపెనీ బోల్టు తల కింది భాగం గుండ్రంగా, బంతిలా ఉంటుంది. బయటి అల్లాయ్‌ల రంధ్రాలు ఎక్కువగా కోసుగా, 60 డిగ్రీల వాలుతో ఉంటాయి. బంతి బోల్టు కోసు రంధ్రంలో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. ఎంత బిగించినా వదులవుతుంది. మీ దగ్గర పాత బోల్టులే వాడి ఉంటే ఈరోజే మార్చండి. ఎం14×1.5 మర, కోసు తల, కనీసం ఆరున్నర చుట్లు లోపలికి వెళ్లే పొడవు ఉండాలి. గాలి గన్నుతో కాకుండా బిగువు కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించి, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోవాలి.

ప్రశ్న: రెండు టైర్లకే డబ్బుంది. ముందు చక్రాలు లాగే బండి కదా, కొత్తవి ముందే వేయాలా?
– ఉలవపాడు

జవాబు: వెనక వేయండి. ముందు టైరు తడిలో జారితే బండి నేరుగా పోతుంది, కాలు తీస్తే స్టీరింగు మళ్లీ దొరుకుతుంది. వెనకది జారితే బండి గిర్రున తిరుగుతుంది, సరిదిద్దుకునే సమయం ఉండదు. కార్తీకంలో తుపాను వానలకు మన హైవే మీద నీళ్లు నిలిచే చోట్లు తెలుసు కదా. విమానాల టైర్ల మీద పరిశోధనతో వచ్చిన పాత సూత్రం ప్రకారం 32 గాలి ఉన్న టైరు దాదాపు 94 వేగం దగ్గర, 25 ఉన్నది దాదాపు 83 దగ్గర నీటి మీద తేలుతుంది. కారుకు ఇవి అటూ ఇటూ కావచ్చు. గాడులు అరిగిన కొద్దీ, టైరు వెడల్పు పెరిగిన కొద్దీ ఇంకా ముందే తేలుతుంది. గాడుల మధ్య చిన్న గట్లలా ఉండే గుర్తులు 1.6 మి.మీ. దగ్గర కనబడతాయి. వానల్లో నడిపేవాళ్లు 3 మి.మీ. దగ్గరే మార్చడం మంచిది.

ఇంకోటి, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద ఏ టైరూ పట్టదు. ఎంత ఖరీదైన రబ్బరైనా అక్కడ గోలీల మీద నడిచినట్టే. దూరం నుంచే వేగం తగ్గించండి, వడ్ల మీద బ్రేకు తొక్కకండి.

ప్రశ్న: శ్రీపెరంబుదూరు దగ్గరి ట్రాకులో ఒకరోజు నడపాలని ఉంది. సెమీ స్లిక్ (గాడులు తక్కువ ఉండే ట్రాకు టైర్లు) వేసుకుని నెల్లూరు నుంచి వెళ్లి రావచ్చా?
– వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ఇరుంగాట్టుకోట్టైలోని ఆ ట్రాకు ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. మొదటిసారికి సెమీ స్లిక్ అక్కర్లేదు. టోయో ఆర్888ఆర్ లాంటి 100 ట్రెడ్‌వేర్ టైరు వేడెక్కితేనే పడుతుంది, వాన నీళ్లు నిలిచిన హైవే మీద తిరుగు ప్రయాణానికి అది సరిపడదు. రోజూ వాడే మంచి స్పోర్ట్ టైరుతోనే వెళ్లండి. కానీ సరికొత్తది కాకుండా, 4, 5 మి.మీ. గాడులు మిగిలినదైతే మేలు. 8 మి.మీ. ఉన్న కొత్త ట్రెడ్ దిమ్మెలు మలుపుల్లో ఊగి, లోపల వేడెక్కి, ముక్కలుగా ఊడిపోతాయి.

ముందు టైర్లలో రోజూ కంటే 3 పీఎస్‌ఐ తక్కువతో మొదలుపెట్టి, నాలుగైదు చుట్లకు ఒకసారి ఆగి వెంటనే కొలవండి. 36 నుంచి 38 దగ్గర నిలిచేలా తీస్తూ పోవాలి. టైరు భుజం మీద సుద్దముక్కతో మూడు గీతలు గీయండి. సైడ్‌వాల్ మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, సుద్ద అక్కడివరకే చెరగాలి. దాటి కిందికి చెరిగితే గాలి తక్కువ, అక్కడిదాకా రాకపోతే ఎక్కువ. ఆగిన తర్వాత హ్యాండ్ బ్రేకు లాగకండి, గేరులో పెట్టి చక్రానికి రాయి పెట్టండి. నట్లు ప్రతి విడత తర్వాత సరిచూడాలి. ఇంటికి బయల్దేరే ముందు టైర్లు చల్లారనిచ్చి గాలి మళ్లీ కంపెనీ చెప్పిన అంకెకు నింపండి. చాలామంది ఈ ఒక్కటీ మరచిపోతారు. బ్రేకు ఆయిల్ ఏడాది పాతదైతే వెళ్లేముందే కొత్త డాట్ 4 రకం ఆయిల్ పోయించండి.

ప్రశ్న: షాపులో కొత్త టైరన్నారు, మీద 2321 అని ఉంది. సైజు మారిస్తే పోలీసులతో, ఇన్సూరెన్సుతో ఇబ్బంది ఉంటుందా?
– ఆత్మకూరు

జవాబు: 2321 అంటే 2021లో 23వ వారం చేసింది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది, ముఖ్యంగా రేకుల షెడ్డులో. పట్టు కోసం కొనే టైరు ఏడాది లోపుది అడగండి, నాలుగింటికీ తేదీలు దగ్గరగా ఉండాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మీ బండి పై రకానికి కంపెనీయే ఇచ్చిన సైజు వేసుకుంటే వివాదం రావడానికి తావు తక్కువ. టైరు ఫెండరు బయటికి రాకూడదు. అల్లాయ్‌ల బిల్లు ఇన్సూరెన్సు కంపెనీకి ముందే ఇచ్చి, పాలసీలో రాయించుకోండి.